స్నోమొబైల్ డాలీలు: ఫ్రేమ్ సంగతి తర్వాత, ముందు చక్రాలు చూడండి

గరాజ్‌లో స్నోమొబైల్‌ని, అంటే ముందు రెండు స్కీలు, వెనక ఒక ట్రాక్ మీద మంచులో నడిచే బండిని, ఇంజన్ ఆన్ చేసి జరిపే అలవాటుంటే ముందు అది మానేయండి. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఎలాగూ ఉంది. అది కాక, ట్రాక్ లోపల రెయిల్స్ కింద ఉండే ప్లాస్టిక్ పట్టీలు, అదే హైఫాక్స్ అంటామే, అవి మంచు తగులుతున్నంతసేపే చల్లగా, జారుడుగా ఉంటాయి, పొడి కాంక్రీటు మీద ట్రాక్ తిప్పితే వేడెక్కి ఊరికే అరిగిపోతాయి. ఇక ముందు స్కీల అడుగున ఉండేవి ఉక్కు పట్టీకి టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు అతికించిన రన్నర్లు. అవి నేలని గీరుతుంటే వచ్చే చప్పుడుకి పళ్ళు జివ్వుమంటాయి, కాంక్రీటు మీద తెల్లగా చారలు పడతాయి. ఎపాక్సీ పూత వేయించుకున్న నేల అయితే ఇక ఆ బాధ చెప్పక్కర్లేదు.

చేత్తో ఎత్తి జరుపుదామా అంటే, తేలికపాటి మౌంటెన్ బండి (కొండల్లో నడిపే రకం) కూడా 200 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఇద్దరు కూర్చునే టూరింగ్ బండి అయితే 300 దాటుతుంది. ట్యాంకులో 40 లీటర్ల పెట్రోలు ఉందంటే అదో 30 కిలోలు. సవారీ నుంచి వచ్చిన రోజున టన్నెల్ (ట్రాక్‌ని పైనుంచి కప్పే డొల్ల భాగం) లోపల గడ్డకట్టిన మంచు బరువు వేరే. ముందు బంపర్ పట్టుకుని జానెడు, వెనక బంపర్ పట్టుకుని జానెడు, ఇలా గోడ పక్కకి చేర్చేలోపు నడుం పట్టేస్తుంది. గరాజ్‌లో కారుకీ, సైకిళ్ళకీ, ఇంట్లో ఎవరికీ అక్కర్లేని అట్టపెట్టెలకీ కూడా వాటా ఉంటుంది కదా, అందుకని బండిని ముందుకీ వెనక్కీ కాదు, అడ్డంగా జరపగలగాలి. డాలీలు, అదే బండి కింద పెట్టే చక్రాల పళ్ళేలు, కొనేదే అందుకు.

దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. మొత్తం బండి ఎక్కేసే పొడుగాటి ప్లాట్‌ఫామ్ ఒకటి, స్కీకొకటీ ట్రాక్‌కొకటీ చొప్పున మూడు విడి డాలీల సెట్టు ఒకటి. ప్లాట్‌ఫామ్ గట్టిగా, కుదురుగా ఉంటుంది కానీ మూడు మీటర్ల పైచిలుకు పొడుగున్న బండికి అంతే పొడుగు బల్ల కావాలి, బండి దాని మీద లేని రోజుల్లో ఆ బల్లని ఎక్కడ పెట్టాలో తెలీదు. పైగా ఆ బల్ల మీదికి బండిని ఎక్కించడమే ఓ ప్రహసనం. మామూలు ఇంటి గరాజ్‌కి నా ఓటు మూడు ముక్కల సెట్టుకే. పని లేనప్పుడు గోడకి మేకులు కొట్టి తగిలించేయొచ్చు.

కొనేముందు కొలతలు. ట్రాక్ 137 అని రాసి ఉంటే అది అంగుళాల్లో ట్రాక్ మొత్తం చుట్టుకొలత. నేలకి ఆనే భాగం అందులో మూడో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. ఆ 137 చూసి బెదిరిపోయి పొడుగాటి ట్రాక్ డాలీ ఏదీ కొనక్కర్లేదు, బండి నేల మీద నిలబెట్టి టేపుతో కొలవండి, అయిపోతుంది. వెడల్పు మాత్రం జాగ్రత్త. 15 అంగుళాల ట్రాకులే ఎక్కువ కానీ పనులకి వాడే బండ్లకి 20, 24 కూడా ఉంటాయి, 16 అంగుళాల డాలీలో 20 అంగుళాల ట్రాక్ ఇరికించలేం. స్కీల మధ్య దూరం కూడా బండిని బట్టి మారుతుంది, మౌంటెన్ బండ్లకి 36 అంగుళాల దగ్గర, ట్రెయిల్ బండ్లకి 42 దగ్గర. విడి డాలీలైతే దీనితో పేచీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అమ్మేవాళ్ళు ఫొటోల్లో ఉక్కు మందం, పౌడర్ కోటింగ్, మెరిసే రంగు చూపిస్తారు. నిజానికి ఫ్రేమ్ దాదాపు ఎవరిదైనా ఒకటే, ఆ బరువుకి వంగిపోయే ఫ్రేమ్ నేనెక్కడా చూడలేదు. ఖర్చు మిగుల్చుకునేది చక్రాల దగ్గరే. రెండంగుళాల చక్రాలు, గట్టి నైలాన్‌వి, బేరింగ్ లేకుండా ఉత్త ఇరుసు మీద తిరిగేవి వేసి పంపిస్తారు. నున్నటి షోరూమ్ నేల మీద అవి వెన్నలా కదులుతాయి. ఇంటి గరాజ్ నేల అలా ఉండదు కదా. పగుళ్ళు రాకుండా కాంక్రీటులో కోసిన గాళ్ళు ఉంటాయి, మధ్యలో నీళ్ళు పోయే జాలీ ఉంటుంది, గుమ్మం దగ్గర ఓ చిన్న ఎత్తు ఉంటుంది, బూట్లకి అంటుకొచ్చిన ఇసక, గులకరాళ్ళు ఉంటాయి. ఇంత పెద్ద బండి హాయిగా దొర్లుకుంటూ వచ్చి ఆ సన్నటి గాడి దగ్గర, ఏనుగు పోయి తోక చిక్కినట్టు, ఆగిపోతుంది. వెనకనించి తోస్తే డాలీ కదలదు, దాని మీదున్న స్కీ మాత్రం జారి కింద పడుతుంది.

ఇది చక్రం నాణ్యత కంటే ముందు చక్రం సైజుకి సంబంధించిన విషయం. కాస్త లెక్క వేసి చూడండి. 6 మిల్లీమీటర్ల చిన్న మెట్టు ఎక్కాలంటే, రెండంగుళాల చక్రానికి దాని మీద పడే బరువులో సుమారు 85 శాతం బలంతో అడ్డంగా తోయాలి. అదే మూడంగుళాల చక్రానికి 64 శాతం, నాలుగంగుళాలకి 53, అయిదంగుళాలకి 47. ఇది కంపెనీ చెప్పే మాట కాదు, ఉత్త జామెట్రీ, కాగితం మీద గుండ్రం గీసి మీరూ వేసుకోవచ్చు. రెండు నుంచి మూడుకి వెళ్తే వచ్చే లాభమే అన్నిటికంటే పెద్దది, అక్కణ్ణించి పైకి పోయేకొద్దీ తగ్గుతూ వస్తుంది. అయితే చక్రం పెరిగినకొద్దీ డాలీ ఎత్తూ పెరుగుతుంది, దాని మీదికి బండిని ఎత్తడం అంత కష్టమవుతుంది. అందుకే నేను అందరికీ మూడంగుళాలే చెప్తాను. గరాజ్ నేల మరీ గతుకులుగా ఉంటే నాలుగు.

ఎత్తు పెరగకుండా పెద్ద చక్రం వేసే ఉపాయం ఒకటుంది, నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. మామూలుగా చక్రం ప్లేటు డాలీ అడుగున బిగించి ఉంటుంది. దాన్ని విప్పేసి, డాలీ రెండు చివర్లకీ పక్కలకి చొచ్చుకొచ్చేలా యాంగిల్ ముక్కలు బిగించి, వాటి చివర చక్రాలు వేస్తే, డాలీ పళ్ళెం చక్రాల మధ్యలో వేలాడుతున్నట్టు నేలకి దగ్గరగా దిగుతుంది. నాలుగంగుళాల చక్రాలున్నా స్కీ ఆనే చోటు నేల నించి ఓ అంగుళంన్నర ఎత్తులోనే ఉంటుంది. కాకపోతే చక్రం ఎటు తోస్తే అటు మళ్ళడానికి చుట్టూ చోటు కావాలి, అది చూసుకోకుండా యాంగిల్ పొట్టిగా కోస్తే చక్రం తిరిగి తిరిగి పళ్ళేనికే కొట్టుకుంటుంది. యాంగిల్ కొయ్యకముందే చక్రాన్ని అట్టముక్క మీద పెట్టి ఓసారి పూర్తిగా తిప్పి, ఆ గుండ్రం గీసుకోండి. బిగించేటప్పుడు స్క్రూలు వద్దు, అవతలికంటా పోయే బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనివి). పక్కకి లాగే బలం మీద స్క్రూలు రోజులు గడిచేకొద్దీ వదులైపోతాయి.

చక్రం మీద రాసే బరువు గురించి ఒక మాట. నాలుగు చక్రాలున్నాయి కదా అని బరువుని నాలుగుతో భాగించకండి. నేల ఎక్కడా సమంగా ఉండదు, ఏ క్షణంలోనైనా ఒక చక్రం గాల్లో ఉంటుంది, మోసేది మూడే. మూడుతోనే భాగించి దానికి తగ్గ చక్రం కొనండి. స్నోమొబైల్ బరువుకి ఇది పెద్ద సమస్య కాదు, చిన్న చక్రాలకి కూడా సరిపోతుంది, కానీ గాడిలో దబ్బున పడ్డప్పుడు తగిలే దెబ్బ మామూలు బరువు కంటే చాలా ఎక్కువ.

ఇక చక్రం దేనితో చేసిందనేది. నైలాన్ తేలిగ్గా దొర్లుతుంది కానీ చప్పుడెక్కువ, ఇసక రేణువు దొరికితే దాన్ని నేలకేసి నూరుతుంది. నల్ల రబ్బరు మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది, కానీ ఎపాక్సీ నేల మీద నెలల తరబడి ఒకే చోట ఉంటే మరక వదులుతుంది, ఆ మరక తుడిస్తే పోయేది కాదు. మెత్తటి చక్రాలకి ఇంకో జబ్బు, బరువు కింద కదలకుండా ఉంటే నేలకి ఆనిన వైపు చదునైపోతాయి, తర్వాత దొర్లిస్తే దడ దడ మంటూ పోతాయి. లోపల ఇనుము, పైన గట్టి పాలీయురెథేన్ పూత ఉన్నవి మధ్యేమార్గం, నేను మార్చేది వాటితోనే. బాల్ బేరింగ్ ఉన్నవి, అందులోనూ సీల్ చేసినవి తీసుకోండి. ఎందుకంటే బండి మీంచి కారే నీళ్ళు తిన్నగా వాటి మీదే పడతాయి, ఆ నీళ్ళలో రోడ్డు మీద చల్లిన ఉప్పు ఉంటే తుప్పు పట్టడానికి ఒక్క చలికాలం చాలు. చలికి మామూలు గ్రీజు చిక్కబడి చక్రం బిగుసుకుపోతుంది, వేడి లేని గరాజ్ అయితే తక్కువ ఉష్ణోగ్రతకి పనికొచ్చే గ్రీజు వాడండి.

మంచి చక్రాలు వేశాక కొత్త తలనొప్పి మొదలవుతుంది. బండి ఆగదు. గరాజ్ నేలని నీళ్ళు బయటికి పోయేలా తలుపు వైపు కొంచెం వాలుగా వేస్తారు, కంటికి కనబడదు. నూటికి ఒకటి వాలు అనుకున్నా, 300 కిలోల బండిని 3 కిలోల బలం ఎప్పుడూ తలుపు వైపు లాగుతూనే ఉంటుంది. నాసి చక్రాలున్నప్పుడు ఆ రాపిడే బ్రేకు, మంచివి వేస్తే ఆ బ్రేకు పోతుంది. బండికి పార్కింగ్ బ్రేకు ఉంది కదా అంటారా, అది పట్టుకునేది ట్రాక్‌ని. ట్రాక్ డాలీ మీద కదలకుండానే కూర్చుని ఉంటుంది, దొర్లేది డాలీ. కాబట్టి చక్రాలకే బ్రేకు ఉండాలి. అందులోనూ రెండు రకాలు, చక్రం దొర్లకుండా ఆపేది ఒకటి, దొర్లడమే కాక తన చుట్టూ తాను తిరగకుండా కూడా ఆపేది ఇంకొకటి. రెండోదే కొనండి, ట్రాక్ డాలీకి కనీసం రెండు. మొదటి రకం వేస్తే చక్రం ఆగుతుంది కానీ దాని చుట్టూ బండి వెనక భాగం మెల్లగా పక్కకి తిరిగి కారు తలుపుకి ఆనుకుంటుంది.

అన్నీ ఎటు తోస్తే అటు మళ్ళే చక్రాలే అయితే, అంటే ఒక్కో డాలీకి నాలుగు చొప్పున పన్నెండు, బండి ఎటైనా పోతుంది, మనకి కావాల్సిందీ అదే. కాకపోతే ముందుకి తోసి, ఆపి, వెనక్కి లాగితే ఆ పన్నెండు చక్రాలూ ఒక్కసారి వెనక్కి మళ్ళుకోవాలి. ఆ మళ్ళుకునేటప్పుడు ఒక్కోటీ ఒక్కో వైపు తిరుగుతూ డాలీని ఓ అంగుళం పక్కకి తన్నుతుంది. గోడకి బండికి మధ్య రెండంగుళాలే చోటుంటే ఈ తన్ను లెక్కలోకి వస్తుంది. వెనక రెండు చక్రాలు పక్కకి మళ్ళనివి వేస్తే తిన్నగా పోతుంది కానీ అడ్డంగా జరపలేం. కావాలన్నప్పుడు దిశ లాక్ చేసుకునే చక్రాలు ఉంటాయి, ట్రాక్ డాలీకి వెనక రెండూ అవి వేస్తే రెండు పనులూ అవుతాయి.

స్కీ డాలీ దగ్గరికి వస్తే, దీని పళ్ళెం చదునుగా ఉండకూడదు. స్కీ అడుగున మధ్యలో గట్టులా ఓ కీల్ ఉంటుంది, దాని కింద కార్బైడ్. చదును పళ్ళెం మీద పెడితే స్కీ ఆ సన్నటి అంచు మీదే నిలబడి అటూ ఇటూ ఊగుతుంది. పళ్ళెంలో రెండు గట్టి చెక్క పట్టీలు లేదా మందపాటి ప్లాస్టిక్ పట్టీలు కీల్‌కి చెరోవైపు ఆనేలా బిగించండి, మధ్యలో కార్బైడ్ దిగడానికి గాడి వదలండి. స్కీ బరువు కీల్ మీద కాక అడుగున ఉన్న ప్లాస్టిక్ మీద పడుతుంది, కార్బైడ్ దేన్నీ గీరదు, స్కీ పక్కకి జారదు. పళ్ళెంలో రబ్బరు మ్యాట్ పరిచి ఊరుకునేవాళ్ళున్నారు, కార్బైడ్ దాన్ని కోసేసి పెడుతుంది, పైగా వేడి లేని గరాజ్‌లో కరిగిన నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి స్కీ మ్యాట్‌కి అతుక్కుపోతుంది.

డాలీని స్కీ కింద ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. స్కీని బండికి కలిపే బోల్టు ఉంటుంది చూడండి, స్కీ దాని మీదే ముందుకీ వెనక్కీ వూగుతుంది. బరువంతా దిగేది ఆ బోల్టు దగ్గరే. డాలీ మధ్యభాగం సరిగ్గా దాని కిందికి రావాలి. ముక్కు వైపు పెడితే స్కీ తోక కిందికి వాలి డాలీ ముందుకి ఎగురుతుంది, తోక వైపు పెడితే స్కీ ముక్కు కిందికి వాలి డాలీ వెనక్కి ఎగురుతుంది. ఈ కారణంతోనే మరీ పొట్టి స్కీ డాలీలు నాకు నచ్చవు, రెండంగుళాలు అటూ ఇటూ అయినా ఒరగనంత పొడుగుండాలి. ముందూ వెనకా వేలెడంత అంచు లేపించి ఉంటే గాడిలో చక్రం పడ్డప్పుడు స్కీ దూకేయదు. అంచు లేని డాలీకి కనీసం ఒక పట్టీ వేసి స్కీకి కట్టేయండి.

విడి స్కీ డాలీల పెద్ద లోపం ఏంటంటే అవి ఎవరికి వారే యమునా తీరే. బండిని తోస్తే హ్యాండిల్ తిరుగుతుంది, స్కీలు తిరుగుతాయి, ఒకటి ముందుకీ ఒకటి పక్కకీ పోతుంది. రెండిటినీ కలుపుతూ ఓ కడ్డీ వేస్తే చాలావరకు కుదురుతుంది. అయితే ఈ కడ్డీని స్కీల దూరం కొలిచి అదే పొడుగుకి బిగించేయకండి. బండి ముందు భాగం ఎత్తినప్పుడు సస్పెన్షన్ ఆర్మ్‌లు కిందికి వేలాడి స్కీలు కొంచెం దగ్గరకొస్తాయి, బరువు దిగాక ఆర్మ్‌లు పైకి లేచి స్కీలు దూరం జరుగుతాయి. ఉత్త నేల మీద కార్బైడ్ రాపిడి ఆ జరగడాన్ని అడ్డుకుంటుంది, డాలీ మీద అడ్డుకునేది ఏమీ లేదు, అందుకే డాలీల మీద బండి ముక్కు కాస్త కిందికి దిగినట్టు కనిపిస్తుంది. ఈ జరుగుబాటుకి చోటివ్వడానికి కడ్డీ చివర గుండ్రటి బెజ్జం బదులు పొడుగాటి గాడి లాంటి బెజ్జం చేయండి, లేదా ఒకదాన్లో ఒకటి దూరే రెండు చదరపు గొట్టాలు తీసుకోండి. కడ్డీ మధ్యలో తాడు కట్టుకోవడానికి ఓ కొక్కెం వేస్తే వంగి బంపర్ పట్టుకుని లాగే పని తప్పుతుంది. హ్యాండిల్‌ని తిన్నగా ఉంచి కట్టేయడం మాత్రం కడ్డీ ఉన్నా మానకండి.

ట్రాక్ డాలీలో మార్చాల్సింది తక్కువ. ట్రాక్‌కి స్టడ్లు (పట్టు కోసం బిగించే లోహపు మేకులు) ఉంటే పళ్ళెంలో మందపాటి చెక్క గానీ రబ్బరు గానీ వేయాలి, లేకపోతే ఉక్కు మీద ఉక్కు జారుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోవడానికి బెజ్జాలు కొట్టండి. ఇంట్లోనే చేసుకునేవాళ్ళయితే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు జిగురు పెట్టి బిగిస్తే దండిగా సరిపోతుంది, అంచులకి మాత్రం రెండు మూడు పూతలు పెయింటు వేయాలి, నీళ్ళు తాగేది అంచుల్లోంచే.

ఎక్కించే వరస గురించి గొడవ పడేవాళ్ళని చూశాను. మొదట ఎక్కించేది వెనక వైపే. స్కీలు నేల మీదుంటే కార్బైడ్ బండిని పట్టి ఉంచుతుంది, వెనక బంపర్ ఎత్తి, కాలితో ట్రాక్ డాలీని కిందికి తోసి, దించి, బ్రేకులు వేసి, ఆ తర్వాత ఒక్కో స్కీ. ముందు స్కీలు ఎక్కించి తర్వాత వెనక ఎత్తితే మీరు ఎత్తుతుంటే బండి అవతలికి దొర్లుతూ ఉంటుంది. దించేటప్పుడు దీనికి వ్యతిరేకం, స్కీలు ముందు, ట్రాక్ ఆఖర్న. నడుము వంచి కాదు, మోకాళ్ళు వంచి ఎత్తండి. ఒక్కరే ఉండి, నడుము సంగతి అనుమానమైతే మీట వేసి లేపే లిఫ్ట్ ఒకటి కొనుక్కోండి, ఈ సెట్టులో రెండో ఖర్చంటూ పెడితే దాని మీదే పెట్టాలి.

డాలీల మీదుండగా ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయొద్దు. ఐడిల్‌లో ఏమీ కాదు అనిపిస్తుంది, థ్రాటిల్ మీద వేలు కాస్త గట్టిగా పడితే క్లచ్ పట్టుకుంటుంది, ట్రాక్ తిరుగుతుంది, డాలీ వెనక్కి తన్నుకుపోతుంది, బండి ముందుకి పడుతుంది. బండిని పరీక్షించడానికి, వేడెక్కించడానికి ట్రాక్‌ని గాల్లో లేపి నిలబెట్టే స్టాండ్లు వేరే ఉంటాయి, అదీ ఆరుబయట.

వేసవంతా బండి కదలకుండా ఉండబోతుంటే డాలీ చక్రాల మీదే వదిలేయకుండా పళ్ళెం కింద చెక్క దిమ్మలు దోపి చక్రాల మీంచి బరువు తీసేయండి. లేకపోతే నెలకోసారి ఓ అడుగు అటూ ఇటూ జరపండి, ఎలాగూ దాని వెనక పడిపోయిన ఏదో ఒక సామాను తీయాల్సి వస్తూనే ఉంటుంది.